హీరో బస్సులో ఎందుకు నవ్వాడు?

ఒక సినిమాను ఏడు వారాలపాటు రోజుకు మూడు ఆటల చొప్పున నా చేతుల మీదుగా నడిపి, అందులో ఏముందో తెలియకుండా మిగిలిన మనిషిని నేను. ఊరికే తెలియకపోతే మతిమరుపు అనుకుని క్షమించవచ్చు. నాకు తెలియని ముక్కను సినిమాలోంచి కోసింది నేనే. డబ్బాలో దాచింది నేనే. సినిమా ఊరు దాటేటప్పుడు మళ్ళీ అతికింది నేనే. అంతటితో ఊరుకోక, నేను కోసిన సినిమాను నేనే చూసి, కళ్ళు తుడుచుకుని, దాంట్లోంచి బతుక్కు పనికొచ్చే నీతి ఒకటి ఏరుకున్నాను. ఆ నీతిని సరిగ్గా ఒక్కసారి ఆచరించాను. ఒక్కసారికే సరిపోయింది.

బంగారు గనులున్న ఊరిగాంలో ఒక టాకీసులో ముప్పై నాలుగేళ్ళు ఆపరేటరుగా పనిచేశాను. ఆపరేటరు అంటే నేను ఆసుపత్రిలో ఆపరేషన్లు చేస్తానని టేకల్‌లో మా మేనత్త చాలా ఏళ్ళు నమ్మింది. ఊళ్ళో ఎవరికి కడుపునొప్పి వచ్చినా నాకు కబురు పెట్టేది. ఆమె పూర్తిగా పొరబడిందని ఇప్పుడు అనలేను. కోయడం, అతకడం రెండూ చేశాను కదా. మత్తు మాత్రం ఇవ్వలేదు. అది సినిమాయే ఇచ్చేది.

ఈ పనిలోకి ఇప్పుడు వచ్చే పిల్లలకు రీలు లేదు, వెలుగు కోసం కాల్చే కార్బన్ కడ్డీ లేదు, మసి లేదు. మీట నొక్కితే ఆట మొదలవుతుంది, దానంతటదే ముగుస్తుంది. "సార్, అప్పుడు మీరు ఏం చేసేవాళ్ళు?" అని వాళ్ళు అడుగుతుంటారు. ఏం చేశానో నాకూ స్పష్టంగా తెలియదు. తెలిసినంత రాస్తున్నాను.

చుక్క

నాకు పని నేర్పింది ఆరోగ్యం మాస్టరు. ఆయన కేబిన్‌లోనే పుట్టాడా అన్నట్టు ఉండేవాడు. ఆదివారం ఉదయం చర్చికి వెళ్ళినప్పుడు తప్ప ఆయన చొక్కా తెల్లగా ఉండగా నేను చూడలేదు. నేను చేరిన మొదటి రోజు, గోడకున్న చిన్న అద్దపు కిటికీలోంచి నోరు తెరుచుకుని సినిమా చూస్తుంటే వెనకనుంచి నెత్తిమీద ఒకటి తగిలింది.

"సినిమా చూసేదానికి కింద బెంచీ ఉండాది. నువ్వు చుక్క చూడు తంబీ."

మా రోజుల్లో సినిమా ఒక్క ముక్కగా వచ్చేది కాదు. రీళ్ళుగా వచ్చేది. కేబిన్‌లో రెండు యంత్రాలు ఉండేవి. ఒకదానిలో రీలు అయిపోతుండగా తెర మీద కుడివైపు పైమూలన ఒక చిన్న చుక్క మెరుస్తుంది. అప్పుడు రెండో యంత్రం తిప్పాలి. కొన్ని క్షణాలకు ఇంకో చుక్క. అప్పుడు వెలుగు అటు మార్చాలి. సరిగ్గా చేస్తే రీలు మారిందని కింద కూర్చున్నవాడికి తెలియదు. తప్పితే తెర తెల్లబోతుంది, జనం ఈలలు వేస్తారు, మనం నల్లబోతాం.

అందుకని ఆపరేటరు కన్ను ఎప్పుడూ పైమూలనే ఉంటుంది. హీరోయిన్ కింద ఎడమవైపున ఏడుస్తుంటే నేను కుడివైపున ఆకాశం చూస్తుండేవాడిని. ఒక్క ఆఖరి రీలుకు మాత్రం చుక్కతో పని లేదు, ఆ తర్వాత రీలే లేదు కనుక. అప్పుడు చేతులు తుడుచుకుని, స్టూలు మీద కూర్చుని, తీరిగ్గా చూసేవాడిని. మొత్తానికి నాకు తెలిసిన సినిమాలన్నీ ముగింపులే. ఎవరు ఎందుకు చచ్చిపోతున్నారో తెలియకుండానే ఎంతోమంది చావుకు ఏడ్చాను.

ఆరోగ్యం మాస్టరు నేర్పిన పని నేర్పినట్టే చేశాను. కానీ ఆయన చెప్పినదాంట్లో ఒక లోపం ఉంది. అది ఆయన పోయాక తెలిసింది. చుక్క చూడమన్నాడు, సరే. కోసేముందు మాత్రం కిందకు దిగి ఒకసారి బెంచీ మీద కూర్చుని చూడమని ఆయన చెప్పలేదు. నేను చెబుతున్నాను. మీరు కోసేదేమీ లేదని నాకు తెలుసు. అయినా చెబుతున్నాను.

మూడు గంటలు

టాకీసు యజమాని సెట్టిగారు. బజారులో వాళ్ళకు బట్టల అంగడి కూడా ఉండేది. గుడ్డ కొలిచి కోసిన చెయ్యి కనుక సినిమాను కూడా గజాల్లోనే చూసేవారు. చెడ్డ మనిషి కాదు. పండగకు అందరికీ చొక్కా గుడ్డ ఇచ్చేవారు, నా పెళ్ళికి మొదట వచ్చి చివర వెళ్ళారు. కానీ తెర మీద ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటే ఆయన తట్టుకోలేకపోయేవారు.

"ఏమప్పా, వీళ్ళు మాట్లాడుకునేది చూసేదానికి జనాలు టాకీసుకు ఏంటికి వస్తారు? అది ఇంట్లోనే ఉండాది కదా!"

హాలులో వెనక వరుసలో ఆయన కుర్చీ పక్కన ఒక మీట ఉండేది. నొక్కితే కేబిన్‌లో గంట మోగుతుంది. ఒక గంట కొడితే శబ్దం పెంచమని. రెండు కొడితే బొమ్మ మసకగా ఉంది, సరిచెయ్యమని. మూడు గంటలు కొడితే ఆ చోటు రేపటి ఆటకు ఉండకూడదని. మ్యాట్నీ మొదలయ్యేది కూడా మూడు గంటలకే కనుక, మూడు గంటలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆయన తొందరకు కారణం ఉంది. మా ఊరు గడియారంతో నడవలేదు, గని సంగుతో, అంటే సైరనుతో, నడిచింది. షిఫ్టు మారినప్పుడు సంగు ఊదితే అన్నం, నిద్ర, జగడం అన్నీ దాని ప్రకారమే. సాయంత్రం ఆటకు వచ్చేవాళ్ళలో సగం మంది పది గంటల షిఫ్టుకు గనిలోకి దిగాల్సినవాళ్ళు. ఆట తొమ్మిదికి వదిలితేనే ఇంటికి పోయి ముద్ద తిని పనికి పోతారు. తొమ్మిది దాటితే సినిమా ఎంత బాగున్నా మధ్యలో లేచిపోతారు, మర్నాడు రారు. అందుకని పొడవు సినిమా వస్తే కోయాల్సిందే. కోసిన ముక్కలకు రెండు కొసలా ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టి తగరం డబ్బాలో దాచి, సినిమా ఊరు దాటేముందు అతికి పంపించేవాళ్ళం. ఇంకో ఊరికి మన కోత తెలియకూడదు. మాలూరులో సంగు లేదు. వాళ్ళు పూర్తి సినిమా చూసేవాళ్ళు.

ఈ మాలూరు సంగతి గుర్తుంచుకోండి.

ఇద్దరు కూర్చున్న చోటు

నేను ఆపరేటరుగా కుదురుకున్న తర్వాత, బడి వదిలి పన్నెండేళ్ళు అయిందేమో, ఒక తెలుగు సినిమా వచ్చింది. పేరు చెప్పను, తీసినవాళ్ళు నొచ్చుకుంటారు. ఒక బడిలో కలిసి చదువుకున్నవాళ్ళు ఇరవై ఏళ్ళకు మళ్ళీ అదే బడిలో కలుసుకునే కథ. అప్పట్లో అలాంటి కథలు తక్కువ. ఇప్పుడు ఏడాదికి నాలుగు వస్తున్నాయి, అందరూ పాత బెంచీల మీద పేర్లు వెతుక్కుంటున్నారు.

మాలూరులో ఆడాక, రీళ్ళ పెట్టెలు శుక్రవారం పొద్దున మా దగ్గరకు వచ్చాయి. సెట్టిగారు పొడవు లెక్క చూసి తల పట్టుకున్నారు.

"ఎనిమిది నిమిషాలు ఎక్కువ ఉండాది రత్నం. తొమ్మిదికి జనాలు బయట ఉండాల."

"ఎక్కడ కోయాలండీ? ఇంకా చూడలేదు కదా."

"చూసేదేముందప్పా? యాడ ఇద్దరు కూర్చోని మాట్లాడతా ఉంటారో ఆడ కొయ్యి."

ఆఖరి రీలు తీసుకుని కిటికీ దగ్గర నిలబడి, ఎండకు ఎదురుగా ఫిల్ము పట్టి చూశాను. గోరంత బొమ్మలు. బడి వరండాలో బెంచీ. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. చుట్ట విప్పుతూ పోయాను. బెంచీ, ఇద్దరు. బెంచీ, ఇద్దరు. నోళ్ళు కదులుతున్నాయి, మాట లేదు. ఎంత విప్పినా లేవరే! సెట్టిగారు పటం గీసి ఇచ్చినట్టు సరిగ్గా ఆయన చెప్పిన చోటు. కత్తెర తీశాను. కత్తెరలోనే తెర ఉందని మా ఆరోగ్యం మాస్టరుకు తెలుగు రాత వచ్చి ఉంటే అనేవాడు.

కోశాక సినిమా ఇలా అయింది: హీరో బస్సు దిగి బడికి వస్తాడు. వరండాలో ఆమెను చూస్తాడు. ఆమె ఇతన్ని చూస్తుంది. వెంటనే హీరో బస్సులో ఉంటాడు, కిటికీ పక్కన. మెల్లగా నవ్వుతాడు. అంతే. శుభం.

ఊరంతా ఒకటే ప్రశ్న

మొదటి ఆట వదిలినప్పుడు జనం లేవలేదు. ఇంకా ఏమో ఉందనుకున్నారు. దీపాలు వేశాక లేచారు. మూడో రోజుకు టీ అంగళ్ళలో, గని గేటు దగ్గర, నల్లా దగ్గర ఒకటే గొడవ. అతను ఎందుకు నవ్వినాడు?

"చెప్పకపోతేనే ప్రేమ అని తెలుసుకున్నాడు" అని ఒకరు. "ఆమె సుఖంగా ఉండాదని నవ్వినాడు" అని ఇంకొకరు. "ఆమె లావైపోయిందని నవ్వినాడురా" అని మా క్లాసు దేవరాజు. అతను అప్పుడు గనిలో పనిచేసేవాడు. తేల్చుకోవడానికి జనం రెండోసారి వచ్చారు, మూడోసారి వచ్చారు. మాలూరులో వారం ఆడని సినిమా మా దగ్గర ఏడు వారాలు ఆడింది. సెట్టిగారు మొట్టమొదటిసారి నా భుజం తట్టారు.

నేను ఏమనుకున్నాను? అది చెప్పాలి. కోసింది ఏమిటో నాకు తెలియదు. నా దృష్టిలో అది పొడవు, అంతే. ఆఖరి రీలులో చుక్క లేదు కనుక రోజుకు మూడుసార్లు స్టూలు మీద కూర్చుని ఆ నవ్వు చూశాను. అర్థం అయింది. లేదా అర్థం అయిందని అర్థం చేసుకున్నాను. పెద్ద మనిషి ఏమీ అడగడు. చూస్తాడు, నవ్వుతాడు, బస్సెక్కుతాడు. పోగొట్టుకున్నదాన్ని పోగొట్టుకున్నట్టే గౌరవంగా ఉంచుకుంటాడు.

నాకు ఆ నీతి అంత తొందరగా ఎందుకు నచ్చిందంటే, నాకు ఒక సరోజ ఉంది.

సరోజ మా క్లాసు. వాళ్ళ నాన్నకు బజారులో రాగుల అంగడి. నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను. తప్పడం మా ఇంట్లో ఆనవాయితీ, కానీ ఆమె ఒప్పుకోలేదు. రెండు నెలలు బడి మెట్ల మీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పింది. ప్యాసయ్యాను. థాంక్స్ కూడా చెప్పలేదు. చెప్పబోతే వేరేది వస్తుందని భయం. ఆమె టీచరు ట్రైనింగుకు వెళ్ళింది, మాలూరు బడిలో చేరింది. పెళ్ళి ఇంకా కాలేదని మాత్రం తెలుసు.

వరండా

సినిమా ఐదో వారంలో ఉండగా దేవరాజుకు బుద్ధి పుట్టింది. సినిమాలో మాదిరి మనమూ కలుద్దామని. ఒక ఆదివారం పొద్దున మా బడిలోనే. నేను మ్యాట్నీకి సెలవు అడిగాను.

"ఆదివారం మ్యాట్నీకా? నీ సినిమా ఆడతా ఉంటే నువ్వు లేకుండా ఎట్లప్పా?" అన్నారు సెట్టిగారు. సెలవు అడిగితే అది నా సినిమా, వసూళ్ళు లెక్కపెట్టేటప్పుడు ఆయన సినిమా.

సరోజ వచ్చింది. భోజనాలయ్యాక అందరూ గ్రౌండులోకి పోయారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆమె వచ్చి ఆ కొసన కూర్చుంది. ఆ మాటలు నాకు బాగా గుర్తున్నాయి, ఎక్కువ లేవు కనుక.

"నీ టాకీసులో ఆడతా ఉండాదే, ఆ సినిమా చూసినావా?"

"రోజుకు మూడుసార్లు."

"ఆఖర్న?"

"ఆఖరే చూస్తాను."

ఆమె తల దించుకుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంది. "అయితే నువ్వు నాకేమన్నా చెప్పాలా?" అంది.

ఇప్పుడు రాస్తుంటే పెన్ను విసిరేయాలనిపిస్తోంది. అప్పుడు మాత్రం నా మనసులో ఐదు వారాల సినిమా నడుస్తోంది. ఇంతలో రెండు గంటల సంగు ఊదింది. ఇంకో గంటలో మ్యాట్నీ. లేచాను. ఆమెను చూశాను. మెల్లగా, గౌరవంగా, హీరో నవ్వినట్టే నవ్వాను. సైకిలెక్కాను. బస్సుకు బదులు సైకిలని కొంచెం బాధ కూడా పడ్డాను.

గేటు దగ్గర తిరిగి చూస్తే ఆమె బెంచీ మీదే ఉంది, నావైపు కాకుండా గోడవైపు చూస్తూ. మరుసటి ఏడు ఆమె పెళ్ళయింది, చింతామణి ఊరి సంబంధం. ఆ మరుసటి ఏడు నాదీ అయింది.

టీవీ

గనులు మూతపడ్డాక టాకీసు కూడా కొన్నాళ్ళు మూలిగి మూతపడింది. నేను ఇంట్లో కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం మా ఆవిడ లక్ష్మమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ టీవీ పెట్టింది. అదే సినిమా. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఈ కథ ఆమెకు వందసార్లు చెప్పాను కనుక ఆమె కూడా చెయ్యి ఆపి చూసింది.

హీరో బస్సు దిగాడు. వరండాలో ఆమెను చూశాడు. ఆమె ఇతన్ని చూసింది. ఇక బస్సు రావాలి. బస్సు రాలేదు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మాట్లాడుకున్నారు!

అతను చెప్పాల్సింది చెప్పాడు. ఇన్నేళ్ళు దాచుకున్నది, తడబడుతూ. ఆమె విన్నది. కోప్పడలేదు, ఏడవలేదు. "ఇరవై ఏళ్ళు ఈ గుమ్మం దాటినప్పుడల్లా వెనక్కి చూశాను. ఇక చూడక్కర్లేదు" అంది. ఇద్దరూ తేలికపడ్డారు. ఆ తర్వాత అతను బస్సెక్కి నవ్వాడు.

"ఇంతసేపూ మాట్లాడుకున్నారే!" అంది లక్ష్మమ్మ. "మీరు చెప్పిన కథలో ఒక్క ముక్క లేదే!"

"టీవీవాళ్ళు కలిపి ఉంటారు."

"ఇన్నేళ్ళకు ఆ హీరోను యాడనుంచి పిలుచుకోని వచ్చినారంట? పళ్ళు కూడా అట్లే ఉండాయే!"

నేను వాదించాను. ఆ సినిమాను నాకన్నా ఎక్కువసార్లు నడిపినవాడు ఈ దేశంలో ఉండడన్నాను. అంటుండగానే నా వేళ్ళకు గుర్తొచ్చింది. కళ్ళకు కాదు, వేళ్ళకు. కిటికీ ఎండ, గోరంత బెంచీ, ఇద్దరు, ఎంత విప్పినా లేవని ఇద్దరు. ఎర్ర పెన్సిలు.

లక్ష్మమ్మకు అంతా చెప్పేశాను, వరండా దాకా. ఆమె చిక్కుడుకాయలన్నీ ఒలిచింది. ఆ తర్వాత, "ఆ రోజు అడిగి ఉంటే నన్ను యాడ పెట్టేవాళ్ళు?" అంది.

"అదే నాకూ అర్థం కాలేదు."

"అర్థం చేసుకోవద్దులెండి. గింజలు లోపల పెట్టండి" అని గిన్నె నా చేతికిచ్చింది.

ఆ రోజునుంచి నాకు నిద్రలో కూడా తేలని ప్రశ్న ఒకటే. ఊరు మొత్తానికి నేను ఏం చూపించాను? ఎంతమంది ఆ ఉత్తి నవ్వు చూసి నోళ్ళు మూసుకున్నారు? లేక ఆ ముక్క ఉండి ఉంటే సినిమా వారంలో పోయి, ఎవరికీ ఏమీ అయ్యేది కాదా? ఇంకోటి ఉంది. ఆ చోటు నేను పొడవని కోశానా, మాట చెప్పడం చేతకాని చెయ్యి కనుక దానంతటదే అక్కడికి పోయిందా? కోసినప్పుడు వినలేదు కనుక రెండోది అబద్ధమని నాకు నేను చెప్పుకుంటాను. పూర్తిగా నమ్మను.

మళ్ళీ బడి

రెండేళ్ళ కిందట దేవరాజు ఫోన్ చేశాడు. ఇప్పుడు అతని కొడుకు నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతున్నాడు, ఇతను మనవళ్ళను చూసుకుంటున్నాడు.

"మళ్ళీ అందరమూ కలుద్దాము రత్నం. బడి హాల్లో మన సినిమా వేస్తాము. మెషీను బాడుగకు తెస్తా. నడిపేది నువ్వే."

"మెషీను నడపడానికి ఇప్పుడు ఆపరేటరు ఎందుకప్పా?"

"ఆపరేటరు కాకపోతే పోనీ, పెద్దరికానికి ఉండప్పా."

నా కోత సంగతి అతనికి చెప్పి, ఆ సినిమా వల్ల నీకేమైనా నష్టం జరిగిందా అని భయంభయంగా అడిగాను. దేవరాజు ఫోన్‌లో పగలబడి నవ్వాడు. "నష్టమా! వాడు చెప్పకుండా బస్సెక్కినాడని నాకు ఒళ్ళు మండిపోయింది. టాకీసు నుంచి నేరుగా మా మామ ఇంటికి పోయి పిల్లనిస్తావా లేదా అని అడిగినా. ఇచ్చినాడు. వాడు చెప్పి ఉంటే నేను అడిగి ఉండనప్పా!"

ఒకే కోత. అతనికి పెళ్ళాన్ని ఇచ్చింది. నాకు సైకిలు ఇచ్చింది. దీన్ని ఏమని తూచాలో తెలియక ఫోన్ పెట్టేశాను.

సరోజ వచ్చింది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయిందట. జుట్టు తెల్లబడింది, చూపు మాత్రం లెక్క తప్పినవాడిని చూసే చూపే. టిఫిను దగ్గర నా పక్కన నిలబడింది. ఇంకోసారి నవ్వి ఊరుకునే వయసు కాదు కనుక అంతా చెప్పేశాను. కోత, డబ్బా, స్టూలు, ఆఖరి రీలు.

ఆమె ఇడ్లీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నేను మాలూరులో చూసినా" అంది. "మొత్తం చూసినా. ఆ బెంచీ మీద మాట్లాడుకునేది చూసే నీ పక్కన వచ్చి కూర్చున్నా. సినిమా చూసినావా అంటే చూసినా అన్నావు. ఆఖర్న అంటే ఆఖరే చూస్తా అన్నావు. ఇంగ నువ్వు చెప్పకపోతే చెప్పేదేమీ లేదనే కదా అర్థం? పైగా నవ్వినావు! మాట్లాడినాక కదప్పా ఆ నవ్వు? నాకు ఎంత రోషం వచ్చిందో తెలుసా?"

"మాటలు డబ్బాలో ఉండినాయి సరోజమ్మా."

ఆమె నవ్వింది, గట్టిగా, చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూసేటట్టు. కళ్ళు తుడుచుకుంది. నవ్వుకో, ఇంకోదానికో. నేను అడగాల్సింది అడిగాను, నలభై ఏళ్ళు ఆలస్యంగా. "ఆ రోజు అడిగి ఉంటే ఏమనేదానివి?"

"అది నాకూ తెలీదప్పా" అంది. "వినేదానికి వచ్చినా. ఏమి చెప్పాలా అని ఇంటినుంచి ఆలోచించుకోనే వచ్చినా. నువ్వు అడిగి ఉంటే నా నోట్లోనుంచి ఏమి వచ్చేదో, అది నువ్వు అడిగితే కదా నాకు తెలిసేది?"

ఇడ్లీ ప్లేటులో పెట్టేసి, "ఆ ముక్క ఈ రోజు ఉండాదా?" అంది.

"ఉంది."

"ఉండనీ" అని చెయ్యి కడుక్కోవడానికి పోయింది.

సభకు ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? సెట్టిగారే. ఆయనా మా బడి పాత విద్యార్థే. ఎనభై దాటాయి, చేతికర్ర వచ్చింది, గొంతు తగ్గలేదు. అరగంట మాట్లాడారు. ఆ సినిమా మా ఊళ్ళో ఏడు వారాలు ఆడడానికి కారణం తానేనన్నారు. "వాళ్ళు ఊరికే కూర్చోని మాట్లాడతా ఉంటే నేనే కోయించినా. సినిమా అయినా సంసారమైనా ఒకటే. మాటలు కొయ్యండి, అప్పుడు బాగుంటాది!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేను సరోజ వైపు చూడలేదు.

సినిమా మొదలైంది. కిటికీలకు దుప్పట్లు కట్టారు. సెట్టిగారు ముందు వరుసలో కుర్చీ మీద, మోకాళ్ళ మధ్య కర్ర. నేను వెనక బల్ల దగ్గర, మెషీను పక్కన. చుక్క లేదు, కడ్డీ లేదు. మొదటిసారిగా ఆ సినిమా మొదటినుంచి చూశాను. బాగానే ఉంది. అక్కడక్కడా పొడవు.

హీరో బస్సు దిగాడు. వరండాలో ఆమెను చూశాడు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ముందు వరుసలో కదలిక. సెట్టిగారు ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. ఆ తర్వాత కర్ర ఎత్తి నేల మీద కొట్టారు. టక్. టక్. టక్.

నా చెయ్యి లేచింది. ముప్పై నాలుగేళ్ళ అలవాటు. మీట దాకా పోయింది. పక్క వరుసలో సరోజ ముందుకు వంగి వింటోంది, లెక్క చెప్పించుకునే పిల్లలా.

నేను మీట నొక్కాను. ముందుకు కాదు, వెనక్కి. బెంచీ మీద ఇద్దరూ మళ్ళీ వచ్చి మొదటినుంచి కూర్చున్నారు. శబ్దం కొంచెం పెంచాను. ఎనిమిది నిమిషాలూ, ఒక్క ముక్క పోకుండా.

సెట్టిగారు మళ్ళీ మూడుసార్లు కొట్టారు. ఈసారి గట్టిగా.

నాకు వయసైంది కదండీ. చెవులు సరిగా వినపడవు.